గోడ అవతలి అడుగుల చప్పుడు

మా పాత ఆటగాళ్లందరికీ ఫోన్లో ఒక గ్రూపు ఉంది. పండగలకు శుభాకాంక్షలు, ఎవరైనా పోతే దండం పెట్టే బొమ్మలు, అంతకు మించి అందులో ఏమీ ఉండదు. మొన్న ఎవరో మా గేమింగ్ సెంటర్ ఫోటో ఒకటి పెట్టారు. ఎనిమిది కంప్యూటర్లు, ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు నెమలి క్యాలెండరు. కింద ఒకడు రాశాడు: "గోడల దొంగ యాదికున్నడా?" వెంటనే వరసగా నవ్వు బొమ్మలు. ఇంకొకడు: "గోడలకెల్లి సూసేటోడు గదా! సేటు ఎల్లగొట్టిండు." మళ్లీ నవ్వులు.

నేను ఫోను బోర్లా పెట్టి లేచాను. వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగి వచ్చి కూర్చున్నాను. మళ్లీ లేచాను. నా భార్య, "ఏమైంది, చీమలు కుడుతున్నయా?" అంది. ఏం లేదన్నాను.

ఆటలో గోడల్లోంచి చూశాడని వాళ్లు గోడల దొంగ అంటున్న మనిషి దొంగ కాడు. ఆ సంగతి ఆ రోజే నాకు తెలుసు. ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అది రాయడానికే కూర్చున్నాను.

ఎవరి పేరూ రాయను. ఆటలో మా అందరికీ వేరే పేర్లుండేవి. పులులు, తేళ్లు, విలన్లు. ఆయన మాత్రం మూడంకెల సంఖ్య పెట్టుకున్నాడు. బోధన్ దగ్గర చక్కెర ఫ్యాక్టరీలో ఆయన టోకెన్ నంబరు అది. అక్కడ ఫిట్టరు. చెరకు ఆడే నెలల్లో పని ఉంటుంది, ఎండాకాలంలో ఉండదు. పని లేని నెలల్లోనే ఆయన మా దగ్గరికి వచ్చాడు.

ముందు ఆ గది సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే తర్వాతిదేదీ అర్థం కాదు.

నిజామాబాద్‌లో బస్టాండుకు కాస్త దూరంగా ఒక గల్లీలో ఉండేది మా సెంటరు. అంతకు ముందు ఎస్టీడీ బూత్. ఊళ్లో అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వస్తుంటే బూత్ ఖాళీ అయింది, దాన్ని నడిపే సేటు కంప్యూటర్లు పెట్టాడు. కొన్నాళ్లకు వాటిలోకి ఆ యుద్ధం ఆట వచ్చింది. గోడ అవతల ఒక బీడీ కంపెనీ బ్రాంచి. పొద్దున్నే ఆడవాళ్లు తాము చుట్టిన బీడీలు చాటల్లో పెట్టుకుని వచ్చి మెట్ల మీద వరసగా కూర్చునేవాళ్లు. ఆట వచ్చిన మొదటి వారం అన్ని కంప్యూటర్లకూ స్పీకర్లు ఉండేవి. ఒకరోజు నలుగురం ఒకేసారి బాంబులు వేశాం. అవతల ఒక పెద్దావిడ ఉలిక్కిపడితే చాట జారి, కట్టలన్నీ పక్కనున్న మోరీ నీళ్లలో పడ్డాయి.

ఆమె ఖాళీ చాట పట్టుకుని నేరుగా మా గుమ్మంలోకి వచ్చింది. "మా రెండొద్దుల కష్టం మోరిల పాయె. మీ యుద్ధం పాడుగాను! పనా పాటా మీకు? ఇంట్ల అవ్వ లేదా, అయ్య లేడా?"

ఒక్కడు కూడా తల తిప్పలేదు. అందరం తెరల వైపే చూస్తున్నాం. ఆమె నా వీపు మీద చాటతో ఒక్కటి వేసింది. అందరికంటే పెద్దవాణ్ణి కదా, చూడగానే తెలిసింది కాబోలు.

ఆ సాయంత్రమే సేటు ఎనిమిది జతల స్పీకర్లూ పీకి అట్టపెట్టెలో పడేశాడు. మళ్లీ పెట్టలేదు. అలా, మేం ఆ ఆటను చెవుల్లేకుండా నేర్చుకున్నాం. తుపాకీ పేలితే మంట కనిపించేది, మోత లేదు. మనిషి పడిపోయేవాడు, అరుపు లేదు. మా గదిలో అరుపులు మావే. "ఎనుకకు సూడురా!" "మెట్ల మీద ఉన్నడు, మెట్ల మీద!" "సచ్చినవా? గప్పుడే సచ్చినవా?" అంతే మాకు తెలిసిన చప్పుడు.

ఆ ఆటలో ఊరు ఒకటుంది. ఇసుక రంగు గోడలు, మనుషుల్లేని బజారు, పగిలిన కిటికీలు, తుప్పు పట్టిన ఇనుప మెట్లు. మన తుపాకీ మనకు కనిపిస్తుంది, మన మొహం కనిపించదు. నాలుగు నెలల్లో ఆ ఊరు నాకు మా గల్లీకంటే బాగా తెలిసింది. కానీ అక్కడ ఒక్క క్షణం కుదురుగా నిలబడలేకపోయేవాణ్ణి. ఏ మూల నుంచి ఎవడొస్తాడో. చచ్చిపోతే ఇంకా కష్టం. రౌండు అయ్యేదాకా బతికున్నవాళ్లను చూస్తూ కూర్చోవాలి. నా మోకాలు బల్ల కింద అదిరిపోయేది. పక్కవాడి మౌసు కదిలేది. "అన్నా, జర కాలు ఆపరాదే. నీ కాలుతోనే సచ్చిన నేను" అని తిట్టేవాళ్లు.

తర్వాత బ్రాడ్‌బ్యాండు వచ్చింది. ఎక్కడెక్కడివాళ్లతోనో ఆడటం మొదలుపెట్టాం. వాళ్లు మమ్మల్ని చీమల్ని నలిపినట్టు నలిపేవాళ్లు. మేం మూలన నక్కి ఊపిరి బిగబట్టి ఉంటే, సరిగ్గా ఆ మూలకే తుపాకీ తిప్పుకుని వచ్చేవాళ్లు. ఎలా తెలుస్తోంది వీళ్లకు? మాకు ఒకటే జవాబు. "లైను స్లో ఉన్నది సేట్." సేటు లైన్‌మన్‌ను పిలిపించాడు. ఆయన తీగలు చూశాడు, చాయ్ తాగాడు, లైను మంచిగనే ఉందని చెప్పి పోయాడు. మేం నమ్మలేదు. మళ్లీ ఓడినప్పుడు మళ్లీ లైనునే తిట్టుకున్నాం. మేం చెవిటివాళ్లమని ఒక్కడికీ తోచలేదు.

అప్పటికి నాకు ఇరవై ఏడేళ్లు. డిగ్రీ ఉంది, పని లేదు. మా నాన్నను బాపు అంటాం. బాపు తన కిరాణా దుకాణంలో కూర్చోమంటే గంట కూడా కూర్చోలేకపోయేవాణ్ణి. దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లూ, "ఏం జేస్తున్నవ్ బిడ్డా ఇప్పుడు?" అనేవాళ్లు. పప్పు పొట్లం కడుతూ ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కంటే ఆ ఇసుక ఊళ్లో చావడం నయమనిపించేది. అలాంటి రోజుల్లో సేటు ఒక మాట అన్నాడు. బోధన్‌లో కూడా ఒక సెంటరు పెడతాడట. దాన్ని చూసుకోవడానికి నమ్మకమైన మనిషి ఒకడు కావాలట.

అది నాకేనని నేను అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను.

ఫిట్టరు మొదటిసారి ఏదో దరఖాస్తు నింపడానికి వచ్చాడు. నాకంటే మూడు నాలుగేళ్లు పెద్ద. ఖాకీ చొక్కా, గోళ్లలో పోని గ్రీజు. పని అయ్యాక మా వెనక నిలబడి గంటసేపు ఆట చూశాడు. మర్నాడు మళ్లీ బస్సెక్కి వచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు జేబులోంచి పాత వాక్‌మన్ ఇయర్‌ఫోన్లు తీశాడు. స్పాంజి చిరిగిపోయినవి. బల్ల కిందికి దూరి, కంప్యూటరు వెనకున్న ఆకుపచ్చ రంధ్రంలో ఆ తీగ గుచ్చి కూర్చున్నాడు.

"ఏం ఇంటున్నవే అన్నా?" అని అడిగాడొకడు.

"పాటలు" అన్నాడు.

"యుద్ధంల పాటలా?"

"ఆఁ. గానకచ్చేరి నడుస్తున్నది లోపల."

అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. ఆయన నెలలోపే మా అందరికంటే బాగా ఆడటం మొదలుపెట్టాడు. ఎక్కువ పరుగెత్తేవాడు కాదు. ఆగేవాడు. తల కాస్త వంచేవాడు. ఏ గోడ వైపు తిరిగితే ఆ గోడ పక్క నుంచే మనిషి వచ్చేవాడు. ఖాళీ దొరికితే సెంటర్లో ఫ్యాను బాగుచేసేవాడు, కుర్చీలకు నట్లు బిగించేవాడు. సేటు మొహం వెలిగిపోయేది. ఒకరోజు సేటు నాతోనే అన్నాడు: "బోధన్‌కు ఈయన మంచిగుంటడు రా. ఆ ఊరోడే, చేతిల పనుంది. ఏమంటవ్?"

"మంచిగుంటడు సేట్" అన్నాను. తెర వైపు తిరిగి మళ్లీ ఆట మొదలుపెట్టాను.

ఒక మధ్యాహ్నం ఎండకు ఎవరూ రాలేదు. గదిలో మేమిద్దరమే. నేను ఆయన చేతిలో వరసగా తొమ్మిదిసార్లు చచ్చాను. మౌసు విసిరికొట్టి లేచి, "ఎట్లనే అన్నా? నిజం చెప్పు. గోడ అవుతల నేనున్నట్టు నీకెట్ల ఎరుక?" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఒక చెవిది తీసి నా చేతిలో పెట్టాడు. "ఇను."

ముందు ఏమీ వినిపించలేదు. ఆన్‌లైన్లో తెలియనివాళ్ల ఆటలోకి వెళ్లి ఆయన ఒక మూలన ఆగాడు. అప్పుడు వినిపించింది. టక్, టక్, టక్. ఇనుము మీద బూట్లు. ఆ వెంటనే మెత్తగా ఇంకోటి.

"గిది ఇనుప మెట్ల మీద. గిది ఇసుకల. ఇద్దరున్నరు. ఇసుకలోడు ఆగిండు సూడు. ఇగ మెట్లమీదోడు వస్తడు." ఆయన తుపాకీ కాస్త ఎడమకు తిప్పి వేలు నొక్కాడు. మెట్ల మీదివాడు కనిపించడమూ పడిపోవడమూ ఒకేసారి జరిగాయి.

అడుగులు! ఆ ఆటలో అడుగులకు చప్పుడు ఉంది. ఇన్నాళ్లుగా మమ్మల్ని చంపినవాళ్లందరూ వింటున్నారు. మేం లైన్‌మన్‌కు చాయ్ పోస్తున్నాం.

ఫ్యాక్టరీలో తన పనే అదని చెప్పాడు ఆయన. మిల్లు తిరుగుతుంటే అన్ని మోతలూ కలిసి ఒకటే రొద. ఇనుప చువ్వ ఒక కొస బేరింగు మీద పెట్టి, ఇంకో కొస చెవి దగ్గర ఆనించి వింటారట. ఏ బేరింగు రేపు పోతుందో ఇవాళే అది చెబుతుందట. "సూస్తే ఏం కనవడది అన్నట్టు. మెరుస్తనే ఉంటది. ఇంటే ఏడుస్తుంటది."

తర్వాత ఆయనే అన్నాడు. "రేపు సేటుకు చెప్త. అందరికి గిసువంటివి కొనియ్యమని. స్పీకర్లు వద్దు గని, గివి చెవులల్ల పెట్టుకుంటే బీడీలోళ్లకేం బాధ?"

అప్పుడు నేను ఒక మాట అన్నాను. ఇన్నేళ్లూ నేను ఎవరికీ చెప్పనిది ఇదే. "ఇప్పుడే చెప్పకన్నా. ఐతారం మ్యాచి ఉన్నది గదా, అదైనంక చెప్దాం. తమాషా ఉంటది."

"నీ ఇష్టం" అన్నాడు.

ఆ ఆదివారం పొద్దున నలుగురు ఒక వైపు, నలుగురు ఒక వైపు. ఫిట్టరు అవతలి జట్టులో. కుర్చీలు మాత్రం పక్కపక్కనే, ఆయన కుడివైపు నేను. నా జేబులో కొత్త ఇయర్‌ఫోన్లున్నాయి. ముందు రోజే కొన్నాను. పెట్టుకోలేదు. ఇద్దరి చెవుల్లో చూస్తే అందరూ అడుగుతారు. నా చెయ్యి మాటిమాటికీ జేబులోకి పోయి వాటిని తడిమి వచ్చేది.

ఆయన మమ్మల్ని ఊడ్చిపెట్టేశాడు. ఆరో రౌండులో నలుగురం నాలుగు దిక్కుల నుంచి మీదికి పోయాం. నాలుగు దిక్కులకూ తిరిగి నలుగుర్నీ కొట్టాడు. మా జట్టులోవాడు కుర్చీ తన్ని లేచాడు. "గోడలకెల్లి సూస్తున్నడు సేట్! గసువంటి సీడీలు అమ్ముతరు. గోడలు అద్దాల లెక్క కనవడ్తయి!"

"అవు, నేను గూడ ఇన్న" అన్నాడు ఇంకొకడు. అందరూ లేచారు. ఏడుగురం ఆయన కుర్చీ చుట్టూ మూగాం. ఆయన జట్టువాళ్లు కూడా. గెలిచినందుకు వాళ్లకూ అనుమానం వచ్చింది.

సేటు బల్ల దగ్గర నుంచి వచ్చాడు. "ఏందయ్యా ఇది? నిజమేనా?"

ఫిట్టరుకు నవ్వొచ్చింది. ఆయనకు అది ఇంకా తమాషాగానే ఉంది. "చూసుడు లేదు, ఏం లేదు సేట్. ఇనుడే. అడుగులు ఇనవడ్తయి. ఇగో, నువ్వే ఇను." ఇయర్‌ఫోన్లు తీసి సేటుకు ఇచ్చాడు.

సేటు చెవిలో పెట్టుకున్నాడు. గది మొత్తం ఆగిపోయింది. మేమందరం నిలబడి ఉన్నాం. ఏడు కుర్చీలు ఖాళీ. కొత్త రౌండు మొదలైంది గానీ, ఆటలో ఏడుగురు మనుషులు ఎక్కడివాళ్లక్కడ రాళ్లలా నిలబడి ఉన్నారు. ఒక్క అడుగు పడటం లేదు.

"ఏం ఇనవడ్తలేదు" అన్నాడు సేటు.

ఫిట్టరు మొహంలో నవ్వు పోయింది. "ఎవరన్న నడువుండ్రి. నేను నడిస్తే నా అడుగులే అంటరు. ఒక్కరు కూసోని నడువుండ్రి, ఇనవడ్తది." ఎవరూ కదల్లేదు. అప్పుడు నావైపు చూశాడు. నా కీబోర్డు నా చేతికి జానెడు దూరంలో ఉంది. ముందుకు నడిపించే మీట ఒక్కటి నొక్కితే చాలు. కూర్చోనక్కర కూడా లేదు.

నేను నొక్కలేదు.

సేటు నన్నడిగాడు. "నువ్వు పక్కకే ఉన్నవ్ గద. నీకేమన్న ఎరుకనా?"

"ఏమో సేట్" అన్నాను. "అడిగితే పాటలు ఇంటున్న అన్నడు."

అది అబద్ధం కాదు. ఆయన ఆ మాట అన్నాడు. ఆ గదిలో సగం మంది విన్నారు. అందుకే అందరూ తలలూపారు. నేను అబద్ధమాడలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. బస్సులో, దుకాణంలో, పెళ్లి పీటల మీద కూడా చెప్పుకున్నాను. దాన్నిక్కడ సరిచేస్తున్నాను. అంతకంటే పెద్ద అబద్ధం నేను ఎన్నడూ ఆడలేదు.

ఫిట్టరు నావైపు చూసి, ఇయర్‌ఫోన్ల తీగను వేళ్లకు చుట్టుకుని, జేబులో పెట్టుకున్నాడు. మ్యాచి దాకా చెప్పొద్దని నేనే అన్నానని ఆయన అనవచ్చు. అనలేదు. "రేపటి నుంచి రాకు" అని సేటు అంటే, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. ఎవడో వెనక నుంచి, "గోడల దొంగ!" అని అరిచాడు. అప్పుడు పుట్టిన పేరే అది.

బోధన్ సెంటరు నాకే వచ్చింది. పెట్టగానే నేను చేసిన మొదటి పని అన్ని కంప్యూటర్లకూ హెడ్‌ఫోన్లు పెట్టించడం. సేటు వచ్చి చూసి, "దిమాగున్నది రా నీకు" అని భుజం తట్టాడు. ఆ చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉన్నట్టుంటుంది.

రెండేళ్లు నడిపాను. ఆట మాత్రం ఆడలేకపోయాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే అడుగులు వినిపించేవి. గోడ అవతల ఎవడో వస్తాడు, ఆగుతాడు. నేను తీసి పడేసి వీధిలోకి వచ్చి నిలబడేవాణ్ణి. చెరకు బండ్లు పోతుండేవి. ఒకసారి ఆయన పనిముట్ల సంచీతో సైకిలు మీద ఎదురుగానే పోయాడు. సెంటరు వైపు చూడలేదు. నేను లోపలికి దూరాను. తర్వాత సెంటరు మూతపడింది, సేటు హైదరాబాద్ వెళ్లి అక్కడే చనిపోయాడు. నేను బాపు దుకాణంలోకే వచ్చి కూర్చున్నాను.

మొన్న ఆ ఫోటో చూసిన మర్నాడు గ్రూపులో అంతా రాసేశాను. అడుగులు, ఇయర్‌ఫోన్లు, నేను నొక్కని మీట. తర్వాత ఒకడు, "అయిపోయిందేందో అయిపోయింది అన్నా, ఇప్పుడెందుకు?" అన్నాడు. ఇంకొకడు పువ్వు బొమ్మ పెట్టాడు. ఆ తర్వాత ఎవరిదో పుట్టినరోజు కేకు వచ్చింది.

మర్నాడు బోధన్ బస్సెక్కాను. ఆయన ఇప్పుడు సొంతంగా దుకాణం పెట్టుకున్నాడని విని ఉన్నాను, వెతుక్కోవడం కష్టం కాలేదు. పొలాల మోటర్లు బాగుచేస్తాడు. జుట్టంతా తెల్లబడింది. నేను వెళ్లేసరికి మోటరు ఒకటి తిరుగుతోంది, స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించి వంగి ఉన్నాడు. నన్ను చూశాడు. గుర్తుపట్టాడు. ఆగమన్నట్టు చెయ్యి ఎత్తాడు. ఆగాను. మోకాలు అదరడం మొదలైంది. మోటరు ఆపి, చేతులు తుడుచుకుని, "చెప్పు" అన్నాడు.

చెప్పాను. గ్రూపులో రాసింది కూడా చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, వేలితో పైకి జరుపుతూ మొత్తం చదివాడు. ఫోను తిరిగిచ్చాడు.

"నీ తాన కొత్త ఇయర్‌ఫోన్లుండె ఆ దినం. తీగ జేబుకెల్లి బయటికి కనవడె."

"చూసినవా?"

"చూసిన. ఇప్పుడు తీసి చెవుల పెట్టుకుంటడు, చూపిస్తడు అనుకున్న." చేతులు తుడుచుకున్న గుడ్డ మోటరు మీద పడేశాడు. "నాకేమో గని, అవ్వకు చెప్పినవా?"

అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. బోధన్ సెంటర్లో పని ఖాయమైందని ముందే ఇంట్లో చెప్పాడట. అవ్వ, ఆయన తల్లి, వాడకట్టంతా చెప్పుకుందట. తర్వాత నిజామాబాద్ నుంచి ఎవరో వచ్చి, నీ కొడుకును దొంగ అని ఎల్లగొట్టిండ్రు అన్నారట. ఏం దొంగతనం చేశావని ఆమె అడిగితే, కంప్యూటరంటే తెలియని మనిషికి గోడలూ అడుగులూ ఎలా చెప్పాలో ఆయనకు తోచలేదట. "ఇప్పటికి గూడ ఎక్కడికన్న పోయొస్తే నా సంచి దిక్కు చూస్తది" అన్నాడు.

దుకాణం వెనకే ఇల్లు. ఆమె గోడకు ఆనుకుని, కాళ్లు చాపి, చాటలో బియ్యం ఏరుతోంది. కొడుకు గుమ్మంలోనే ఆగిపోయాడు. నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"అవ్వా, నీ కొడుకు ఏం దొంగతనం చెయ్యలే. అప్పుడు గా సెంటర్ల నేను గూడ ఉన్న."

ఆమె చేతులు ఆగాయి. నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "ఆడు ఏం చెయ్యలే. మరి నువ్వేం చేసినవ్ బిడ్డా?"

మోకాలిని రెండు చేతులతో పట్టుకున్నాను. మా గది గోడ అవతల బీడీలు తెచ్చే ఆడవాళ్లు కూర్చునేవాళ్లని, ఒకరోజు ఒక పెద్దావిడ చేతిలో చాట జారిపడిందని, అక్కడి నుంచి మొదలుపెట్టాను.